మడమ మలుపు: ఇంట్లో మేజోళ్ళు అల్లిన నా అనుభవం

మేజోడు అల్లాలంటే ముందుగా కాలు కొలవాలి. స్వెటర్ ఒక అంగుళం అటూ ఇటూ అయినా ఒంటిమీద సర్దుకుపోతుంది, మఫ్లరుకైతే కొలతతోనే పనిలేదు. మేజోడు అలా కాదు. నాలుగు కుట్లు ఎక్కువైతే బూటులో ముడతపడి నడిచినంతసేపూ ఒత్తుకుంటుంది, నాలుగు తక్కువైతే మడమ దాటి పైకి ఎక్కనే ఎక్కదు. వేళ్ల మొదట్లో, పాదం అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట టేపు చుట్టి చూస్తే నాకు 22 సెంటీమీటర్లు వచ్చింది. అల్లిక సాగుతుంది కనుక కాలి కొలత కంటే పది శాతం తక్కువగా అల్లితేనే అది పాదాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. అంటే నాకు కావలసింది 20 సెంటీమీటర్ల చుట్టుకొలత. నా చేతి బిగువులో, నేను ఎంచుకున్న ఊలుతో, 10 సెంటీమీటర్ల వెడల్పుకు 32 కుట్లు పడుతున్నాయని ముందే నమూనా ముక్క అల్లి చూసుకున్నాను. కనుక 64 కుట్లు. పైన పట్టీ, మధ్యలో మడమ, చివర వేళ్ల భాగం, అన్నీ ఈ అంకె మీదే ఆధారపడతాయి. రెండుకూ నాలుగుకూ ఎనిమిదికీ శేషం లేకుండా భాగం అవుతుంది కాబట్టి లెక్క ఎక్కడా తెగదు.

నమూనా ముక్కను కూడా గుండ్రంగానే అల్లాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. బల్లపరుపుగా అల్లేటప్పుడు ఒక వరుస సీధా (నున్నటి ముఖం కనిపించే కుట్టు), తిరుగు వరుస ఉల్టా (గరుకు ముఖం కనిపించే కుట్టు) వస్తాయి. చాలామంది చేతిలో ఉల్టా కాస్త వదులుగా పడుతుంది. మేజోడును చుట్టూ తిప్పుతూ అల్లుతాం కనుక మడమ దగ్గర తప్ప అందులో తిరుగు వరుస ఉండదు, పాదం భాగమంతా సీధాయే. అందువల్ల బల్లపరుపు ముక్క మీద కొలిచిన లెక్క మేజోటికి సరిగ్గా వర్తించదు. గుండ్రంగా అల్లిన ముక్కను ఉతికి, ఆరబెట్టి, ఆ తర్వాతే కొలవాలి. విసుగు పుట్టించే పని అన్నమాట నిజమే. కానీ మేజోడు సగం అయ్యాక ఊడదీయడం అంతకంటే విసుగైన పని.

మాది నరసాపురం ప్రాంతం. మా ఇళ్లలో ఆడవాళ్లకు లేసు అల్లిక కొత్త కాదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మ మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగుమీద కూర్చుని తెల్లదారంతో పువ్వులు అల్లుతుండగా చూస్తూ పెరిగాను. అందుకే మావారి ఉద్యోగరీత్యా డెహ్రాడూన్ వచ్చి, శీతాకాలంలో మేడమీద ఎండలో చాపలు పరుచుకుని ఊలు అల్లుతున్న ఆడవాళ్లను చూసినప్పుడు, ఇదీ అలాంటిదే కదా అనిపించింది. దగ్గరగా చూస్తే రెండింటి స్వభావం పూర్తిగా వేరు. లేసులో ఒకటే కొక్కెం సూది. ఒక కుట్టును పూర్తిగా ముగించిన తర్వాతే రెండోది మొదలవుతుంది, ఏ క్షణంలో చూసినా సూదిమీద తెరిచి ఉన్న ఉచ్చు ఒక్కటే. ఊలు అల్లికలో అన్ని కుట్లూ ఒకేసారి తెరిచే ఉంటాయి. 64 ఉచ్చులూ సూదుల మీద ప్రాణాలు పట్టుకుని నిలబడి ఉంటాయి, ఒకటి జారితే అది పైనుంచి కిందిదాకా నిచ్చెనలా విడిపోతూ పోతుంది. కానీ ఆ తెరిచి ఉండటమే మేజోటికి కావలసిన సాగుడును ఇస్తుంది. లేసు కుట్టు నిలబడుతుంది, ఊలు కుట్టు సాగుతుంది.

నాకు పని నేర్పినది మా పై అంతస్తులో ఉండే గఢ్వాలీ పెద్దావిడ. నేను ఆంటీజీ అనేదాన్ని, ఆవిడ నన్ను బేటా అనేవారు. సూదిని సలాయి అనీ, కుట్టును ఫందా అనీ, వేళ్ల భాగాన్ని పంజా అనీ, మడమను ఏడీ అనీ ఆవిడ మాటల్లోనే ఈ పని నా చెవికి ఎక్కింది. ఇప్పటికీ ఒంటరిగా అల్లుకునేటప్పుడు లోపల లెక్క హిందీలోనే నడుస్తుంది. పుస్తకం, చిత్రపటం, కాగితంమీద రాసిన సూచన ఏదీ ఆవిడకు అవసరం లేదు. తన అరచేతిని నా పాదం కింద పెట్టి కొలత చూసి, ఎన్ని ఫందాలు వేయాలో చెప్పేసేవారు. నేను టేపుతో కొలిచి, భాగహారాలు చేసి తెచ్చిన అంకెకూ ఆవిడ చెప్పినదానికీ పెద్దగా తేడా ఉండేది కాదు.

ఊలు కొనడానికి పల్టన్ బజారుకు వెళ్లాను. అక్కడి దుకాణాల్లో లుధియానా నుంచి వచ్చే ఊలు రంగురంగుల ఉండలుగా గోడంతా నిండి ఉంటుంది. అందులో ఎక్కువభాగం ఆక్రిలిక్. చేతికి మెత్తగా ఉంటుంది, చవక, ఉతికినా ముడుచుకోదు. కానీ మేజోళ్ళకు అది నాకు నచ్చలేదు. ఆక్రిలిక్ చెమటను పీల్చుకోదు. బూటులో కాలు గంటసేపు ఉంటే లోపల తడి తెలుస్తుంది. అసలైన ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. అయితే ఉత్త ఉన్నికి మరో చిక్కు ఉంది. గొర్రె వెంట్రుక పైన సన్నని పొలుసులు ఉంటాయి, వేడినీళ్లలో రుద్దితే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట బిగుసుకుపోతుంది. పైగా రాపిడికి మడమ దగ్గర త్వరగా అరిగిపోతుంది. అందుకే మేజోళ్ళ కోసమని ప్రత్యేకంగా తయారుచేసే నూలులో సాధారణంగా 75 శాతం మెరినో ఉన్ని, 25 శాతం నైలాన్ ఉంటాయి. 100 గ్రాముల చుట్టలో దాదాపు 400 మీటర్లు వస్తుంది, పెద్దవాళ్ల జత ఒకటి అందులో సునాయాసంగా అయిపోతుంది. ఇలాంటిది మన దేశంలో దొరకడం తక్కువ, తెప్పించుకుంటే ఖరీదు ఎక్కువ. నేను సన్నని ఉన్ని నూలు కొని, మడమకూ వేళ్లకూ మాత్రం అదే రంగు నైలాన్ దారాన్ని జతచేసి అల్లాలని నిర్ణయించుకున్నాను. ఆంటీజీ కూడా అలాగే చేస్తారు, కాకపోతే ఆవిడ వాడేది బట్టలు కుట్టే పాలిస్టర్ దారం.

సూదుల విషయంలో దుకాణదారు మొదట 10వ నంబరు ఇవ్వబోయాడు. అది 3.25 మిల్లీమీటర్ల మందం, స్వెటర్లకు సరిపోతుంది. మేజోటికి అల్లిక దట్టంగా రావాలి, కాబట్టి 13వ నంబరు, అంటే 2.25 మిల్లీమీటర్ల సూదులు అడిగి తీసుకున్నాను. రెండు చివరలా మొన ఉండే ఈ సూదులు నాలుగు కలిపి ఒక కట్టగా ఇస్తారు. మూడింటి మీద కుట్లు ఉంటాయి, నాలుగోది అల్లుతుంది. ఒక సూదిమీద 32, మిగతా రెండింటిమీద 16 చొప్పున సర్దుకుంటే తర్వాత మడమకు వచ్చేసరికి ఆ 32 సిద్ధంగా ఒకేచోట దొరుకుతాయి. ఒక సూది నుంచి మరో సూదికి మారేచోట కుట్ల మధ్య సందు పడి, పైనుంచి కిందికి గీతలా కనిపించడం ఈ పద్ధతిలో అందరికీ ఎదురయ్యేదే. కొత్త సూదిమీద మొదటి కుట్టును ఎంత బిగించినా ఆ సందు పోదు. రెండో కుట్టు అల్లేటప్పుడు దారాన్ని లాగితే మొదటిదీ రెండోదీ కలిసి బిగుసుకుంటాయి. ఈ కిటుకు ఆంటీజీ నోటితో చెప్పలేదు. నా వేలిని పట్టుకుని లాగి చూపించారు.

మొదటి వరుస కుట్లను రెండు సూదులు దగ్గరగా పట్టి వాటిమీద కలిపి వేశాను. తర్వాత ఒక సూదిని లాగేస్తే కుట్లు వదులుగా మిగులుతాయి. మడమ దాటి పైకి ఎక్కవలసిన అంచు కనుక అక్కడ వదులు ఉండి తీరాలి. కుట్లన్నీ మూడు సూదులమీదికి పంచి, త్రికోణంగా పరిచి, అంచు అంతా లోపలివైపే తిరిగి ఉందో లేదో వెలుతురులో చూసుకుని, అప్పుడు కలిపాను. ఒక్క మెలిక మిగిలినా ఆ తర్వాత దాన్ని సరిచేసే మార్గం లేదు. అక్కడినుంచి రెండు సీధా, రెండు ఉల్టా చొప్పున ఐదు సెంటీమీటర్ల పట్టీ, ఆపైన సీధాగా పది సెంటీమీటర్ల కాలు. ఈ భాగం గురించి చెప్పడానికేమీ లేదు. టీవీ చూస్తూనో, పప్పు ఉడికేదాకా కూర్చునో అల్లుకోవచ్చు.

అసలు పని మడమ దగ్గర మొదలవుతుంది. "ఏడీ కుదిరితే మోజా కుదిరినట్టే" అన్న అర్థం వచ్చేలా ఆంటీజీ ఒక మాట అనేవారు, అది అతిశయోక్తి కాదు. నిలువుగా దిగుతున్న గొట్టం అక్కడ అడ్డంగా తిరగాలి, కత్తిరింపు గానీ అతుకు గానీ లేకుండా తిరగాలి. ముందుగా సగం కుట్లను, అంటే 32ను మాత్రమే పట్టుకుని వెనక్కీ ముందుకీ 32 వరుసలు అల్లాలి. మిగతా 32 సూదులమీద అలాగే కాచుకుని ఉంటాయి. సీధా వరుసలో ఒక కుట్టు అల్లకుండా పక్క సూదికి జరపడం, ఒకటి అల్లడం, మళ్లీ ఒకటి జరపడం; ఇలా చేస్తే జరిపిన కుట్టు వెనక దారం పోగుపడి అల్లిక రెట్టింపు దళసరి అవుతుంది. వేలితో నొక్కి చూస్తే మిగతా మేజోటికీ దీనికీ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ప్రతి వరుసలోనూ మొదటి కుట్టును అల్లకుండా జరిపితే పక్క అంచున గొలుసులాంటి కుట్లు ఏర్పడతాయి. 32 వరుసలకు ఒక్కో అంచున 16 గొలుసులు. ఇవి తర్వాత పనికొస్తాయి.

ఇక మలుపు. మొదటిది జరిపి 16 అల్లితే 17 అవుతాయి. తర్వాతి రెండింటినీ కలిపి ఒకటిగా అల్లి, మరొకటి అల్లి, అక్కడే ఆగిపోయి పనిని వెనక్కి తిప్పాలి. ఎడమ సూదిమీద ఇంకా 12 కుట్లు మిగిలి ఉండగా వెనక్కి తిరగడం మొదటిసారి చేసినప్పుడు ఏదో నియమం ఉల్లంఘిస్తున్నట్టు అనిపిస్తుంది. తిరుగు వరుసలో ఒకటి జరిపి, మూడు ఉల్టా అల్లి, రెండింటిని కలిపి, మరొకటి అల్లి మళ్లీ తిప్పాలి. ఇప్పుడు రెండువైపులా పన్నెండేసి కుట్లు మిగిలాయి, మధ్యలో చిన్న ద్వీపం ఏర్పడింది. ద్వీపానికీ పక్క కుట్లకూ మధ్య చిన్న ఖాళీ కనిపిస్తుంది. ప్రతి వరుసలోనూ ఆ ఖాళీకి ఇటు ఒకటి, అటు ఒకటి తీసుకుని రెండింటినీ కలిపేసి, మరొకటి అల్లి తిప్పుతూ పోతే ద్వీపం వెడల్పు అవుతుంది, పక్కలు తరుగుతాయి. లెక్క పెట్టవలసిన అవసరం కూడా ఉండదు, ఖాళీయే దారి చూపిస్తుంది. పక్కల ఉన్న కుట్లన్నీ అయిపోయేసరికి 32 కాస్తా 18 అవుతాయి, అంతవరకు బల్లపరుపుగా ఉన్న గుడ్డ చేతిలో విస్తరాకు దొప్పలా లోతుగా నిలుస్తుంది. అందులో బొటనవేలు పెట్టి చూశాను. ఎవరూ వంచలేదు, ఎక్కడా కుట్టలేదు, ఒక్కో వరుసను కాస్త ముందే ఆపడంవల్ల మాత్రమే ఆ లోతు వచ్చింది. ఈ పనిలో నన్ను పూర్తిగా కట్టిపడేసింది ఈ ఘట్టమే. ఆ సాయంత్రం ఇంట్లో అందరికీ ఆ దొప్ప చూపించాను. మావారు బాగుందన్నారు గానీ దేని గురించి అంత సంబరపడుతున్నానో ఆయనకు తెలిసినట్టు లేదు.

ముందు అల్లిన ఆ 32 వరుసల మడమ పలకకు రెండు అంచులా ఉన్న 16 గొలుసుల నుంచి ఒక్కో కుట్టు తీసుకుంటే, మడమ 18, పక్కలు 32, కాచుకుని ఉన్న పైభాగం 32, మొత్తం 82. పలకా పైభాగమూ కలిసే మూలలో రంధ్రం పడకుండా అక్కడ అదనంగా ఒక కుట్టు తీసి, మరుసటి చుట్టులో పక్కదానితో కలిపేశాను. తర్వాత చుట్టు విడిచి చుట్టు రెండేసి కుట్లు తగ్గిస్తూ వస్తే 18 చుట్లకు మళ్లీ 64కు చేరుకుంటాం. చీలమండ దగ్గర పాదం లావుగా ఉండి మధ్యకు వచ్చేసరికి సన్నబడుతుంది కదా, ఈ తగ్గింపులతో పక్కల ఏర్పడే త్రికోణం సరిగ్గా ఆ తరుగుదలకోసమే.

పాదం నిడివిని కాలి పొడవు కంటే ఒక సెంటీమీటరు తక్కువగా ఉంచాలి, అందులో చివరి నాలుగున్నర సెంటీమీటర్లు వేళ్ల భాగానికి పోతాయి. చుట్టు విడిచి చుట్టు నాలుగేసి తగ్గిస్తూ 32 దాకా, ఆపైన ప్రతి చుట్టులోనూ నాలుగేసి తగ్గిస్తూ 16 దాకా వచ్చి ఆగాలి. ఎనిమిది పైన, ఎనిమిది కింద. వీటిని దబ్బనం లాంటి మొద్దు సూదితో, మరో వరుస అల్లినట్టే కనిపించేలా కలుపుతారు. ముందు సూదిమీద సీధా దించు, ఉల్టా ఉంచు. వెనక సూదిమీద ఉల్టా దించు, సీధా ఉంచు. ఇదే జపం; దించడమంటే కుట్టును సూదినుంచి తీసేయడం, ఉంచడమంటే సూదిమీదే వదలడం. పాశ్చాత్య దేశాల్లో ఈ కుట్టును కిచెనర్ పేరుతో పిలుస్తారు. 1902 నుంచి 1909 దాకా మన దేశంలో బ్రిటిష్ సైన్యాధిపతిగా ఉండి, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు బ్రిటన్ యుద్ధమంత్రి అయిన కిచెనరే ఆయన. కందకాల్లో నిలబడే సైనికులకోసం ఇళ్లలో ఆడవాళ్లు లక్షల జతలు అల్లిన కాలమది. వేళ్లమీద అతుకు ఉబ్బుగా ఉంటే తడిబూటులో పుండు పడుతుంది కాబట్టి ఈ కుట్టుకు అంత ప్రాధాన్యం వచ్చిందని దాన్ని వేస్తున్నప్పుడు సులభంగానే అర్థమవుతుంది.

రెండో మేజోడు మొదటిదాని కవల కావాలి, అదే ఈ పనిలో నీరసం తెప్పించే భాగం. కొత్తగా తెలుసుకునేదేమీ ఉండదు. చాలామంది ఇళ్లలో ఒంటరి మేజోళ్ళు సొరుగుల్లో ఉండిపోవడానికి కారణం ఇదే. నేను మొదటిదాని ప్రతి భాగంలోనూ ఎన్ని చుట్లు అల్లానో పుస్తకంలో రాసి పెట్టుకున్నాను, టేపుతో కొలిచి అల్లితే రెండూ ఒకేలా రావడం కష్టం. కుట్లు లెక్కపెట్టాలి, సెంటీమీటర్లు కాదు.

నా జత పూర్తయ్యాక అమ్మకోసం అల్లాలనుకున్నాను. నరసాపురంలో ఉన్ని మేజోళ్ళు ఎవరికి కావాలి? కానీ అమ్మకు మడమలు పగులుతాయి. రాత్రి మందు రాసుకుని మేజోళ్ళు వేసుకోమని డాక్టరు చెప్పారు. అమ్మేమో ఇంట్లో కూడా వేలిచెప్పులు లేకుండా అడుగు వేయరు. కనుక బొటనవేలు విడిగా ఉండాలి, నూలు పత్తిది కావాలి. వేలు విడిగా ఉండే మేజోడు కొత్త ఆలోచనేమీ కాదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈజిప్టులో దొరికిన ఎర్ర ఉన్ని మేజోళ్ళ జత ఉంది. 1,500 ఏళ్లకు పైబడినవి, చెప్పులతో వేసుకునేందుకు ముందుభాగాన్ని రెండుగా చీల్చి అల్లినవి. అవి మనలా జత సూదులతో కాక, ఒకే సూదితో ముడులు వేస్తూ చేసినవి.

పత్తికి సాగుడు తక్కువ. అందువల్ల పాదం పైభాగమంతా సీధాకు బదులు రెండు సీధా, రెండు ఉల్టా పట్టీనే కొనసాగించాను, కింది అరికాలు మాత్రం నున్నగా ఉంచాను. వేళ్ల మొదటికి వచ్చాక పైనుంచి 11, కిందినుంచి 11 కుట్లను బొటనవేలికి విడదీసి, రెండు వేళ్ల మధ్య సందులో నాలుగు కొత్త కుట్లు వేసి, 26 కుట్లతో వేలిని చిన్న గొట్టంగా అల్లాను. మిగిలిన 42కు ఆ సందులోంచే నాలుగు తీసుకుంటే 46, అవి నాలుగు వేళ్లకు. ఇక్కడినుంచి కుడి, ఎడమ అన్న తేడా వస్తుంది. ఉన్ని జతలో ఏ మేజోడు ఏ కాలికైనా సరిపోయేది, దీనికి కుదరదు. రెండోదాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి అల్లాలి.

సంక్రాంతికి వెళ్లినప్పుడు అమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ వేసుకోలేదు. ముందు ఒకదాన్ని లోపలికీ బయటికీ తిరగేసి, కళ్లజోడు పెట్టుకుని, వేళ్ల చివర, మడమ మూలలో గోటితో తడిమి చూశారు.

"ముడి ఎక్కడేశావే?"

"ఎక్కడా వేయలేదమ్మా. దారం కొసల్ని వెనకవైపు అల్లికలోకే ఎక్కించాను."

"మరి ఊడదూ?"

ఊడదని నేనెంత చెప్పినా ఆవిడకు నమ్మకం కుదరలేదు. లేసు పనిలో కొసను దాచడం తెలిసిన మనిషికి కూడా, తెరిచి ఉన్న ఉచ్చులతో కట్టిన వస్తువు నిలుస్తుందంటే అనుమానమే. అయితే మడమ మలుపును మాత్రం చాలాసేపు చూశారు. ఎలా తిప్పావని అడిగి, నేను సగం చెప్పేలోపే, పక్క కుట్లు మిగలబెట్టి మధ్యలోనే తిరిగావన్నమాట అని తానే ముగించారు.

ఆ జతను ఏడాది పొడవునా వాడారు. ఇద్దరం భయపడ్డ చోట్ల ఏమీ కాలేదు, కొసలు ఊడలేదు, మడమ అరగలేదు. చెప్పు పట్టీ ఒరుసుకునే చోట, వేళ్ల మధ్య సందులో నేను కొత్తగా వేసిన ఆ నాలుగు కుట్ల దగ్గర చిల్లు పడింది. నేను వచ్చేదాకా ఆగకుండా అమ్మే లేసు సూది తీసుకుని, తెల్లదారంతో చుట్టూ కుట్లు పట్టి చిల్లు మూసేశారు. అక్కడ సాగుడు పోయింది, కానీ పట్టీ రాపిడికి ఆ గట్టిదనమే మంచిదట, కాలికి కూడా ఇబ్బంది లేదట. ఇప్పుడు అల్లుతున్న జతలో ఆ నాలుగు కుట్లనూ వాటి పక్కవాటినీ మొదటినుంచే రెండు పోగులతో పట్టుకొస్తున్నాను. బొటనవేలు గొట్టం సగం అయింది, కుడికాలిది.